40 వేలతో ఐదుగురం ముంబయి చూసి రాగలమా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మావారు కొబ్బరి కొట్టులో గుమాస్తా. నేను ఇంట్లో బట్టలు కుడతాను. పాపకు 13 ఏళ్ళు, బాబుకు 10. అత్తయ్యకు 66 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పిల్లలకు అన్నవరం, తిరుపతి తప్ప ఏమీ చూపించలేదని ఈసారి ముంబయి అనుకున్నాం. చీటీ డబ్బులు 40 వేలు చేతికొస్తున్నాయి, అంతకు మించి పెట్టలేం. కల్యాణ్‌లో మావారి పిన్ని కొడుకు ఉన్నాడు. తమ ఇంట్లోనే దిగాలని పట్టుబడుతున్నాడు. వాళ్ళది ఒక గది, వంటిల్లు, నలుగురు మనుషులు. లాడ్జి అంటే అతనికి కోపం వస్తుంది, అక్కడ దిగితే మాకు మొహమాటం. అత్తయ్య పనిలో పనిగా షిర్డీ కూడా అంటున్నారు. ఈ డబ్బుతో అవుతుందా? ఎండాకాలం సెలవుల్లో వెళ్ళమంటారా?

సమాధానం:

అవుతుంది. 40 వేలు ఏ మూలకని ఎవరైనా భయపెట్టి ఉంటే వాళ్ళు అక్కడ షాపింగు మీద పడి ఉంటారు. బస్సు, లోకల్ రైలు, వడాపావ్, సముద్రపు గాలి ఆ ఊళ్ళో చవకే. జేబు ఖాళీ అయ్యేది మనుషులు అలసిపోయినప్పుడు. మధ్యాహ్నం మూడింటికి అత్తయ్యగారికి మోకాళ్ళు లాగుతాయి, బాబు ఇక నడవనంటాడు, మీవారు విసుగ్గా టాక్సీ పిలుస్తారు. అక్కడి మీటరు టాక్సీ నలుగురినే ఎక్కించుకుంటుంది, మీరేమో ఐదుగురు. అంటే రెండు టాక్సీలు, లేదంటే పెద్ద బండి. రోజుకు రెండుసార్లు ఇలా జరిగితే గది అద్దెలో మిగిల్చామనుకున్నదంతా దానికే పోతుంది. అందుకే కింద చెప్పబోయేదంతా మీరు అలసిపోకుండా ఉండటం కోసమే.

ముందు మీ మరిది సంగతి. మిగతా లెక్కంతా దాని మీదే ఆధారపడి ఉంది. కల్యాణ్ నుంచి ముంబయిలోని పెద్ద స్టేషన్ సీఎస్‌ఎంటీ, అంటే పాత వీటీ, 54 కిలోమీటర్లు. ఇంచుమించు మీ ఊరి నుంచి రాజమండ్రి ఉన్నంత దూరం. ఫాస్ట్ లోకల్ ఎక్కినా గంట పైనే పడుతుంది. టికెట్టు చవకే, సెకండ్ క్లాసులో 20 రూపాయలు కూడా కాదు. కానీ పొద్దున్న ఆఫీసు జనంతో పాటు ఎక్కి, సాయంత్రం అదే జనంతో తిరిగి రావాలి. రోజుకు మూడు గంటలు ప్రయాణానికే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడతో అది జరిగే పని కాదు. పైగా ఒక గదిలో తొమ్మిది మంది, ఒక్క బాత్రూము, పొద్దున్నే డ్యూటీకి పరిగెత్తే ఇంటాయన. రెండో రోజుకే ఇరువైపులా మొహాలు ముడుచుకుంటాయి. బంధుత్వం నాలుగు కాలాలు నిలవాలంటే అక్కడ దిగకండి.

అతనికి ఎలా చెప్పాలంటారా? "ఆదివారం పొద్దున్నే సామానుతో మీ ఇంటికే వచ్చేస్తాం, మధ్యాహ్నం భోజనం మీ దగ్గరే, రైలు కూడా కల్యాణ్‌లోనే ఎక్కుతాం, నువ్వే వచ్చి ఎక్కించాలి" అని మీవారి చేత ఫోన్ చేయించండి. మీరు చెప్పొద్దు, ఆయనే చెప్పాలి. ఉత్తుత్తి మర్యాద కోసం అంటున్న మాట కాదిది. మీరు తిరిగొచ్చే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ కల్యాణ్‌లో నిజంగానే ఆగుతుంది, కాబట్టి టికెట్టే కల్యాణ్ నుంచి తీసుకోవచ్చు. వెళ్ళేటప్పుడు ఆత్రేయపురం పూతరేకులో తాపేశ్వరం కాజాలో పట్టుకెళ్ళండి. పొట్టిక్కలు అంత దూరం ఆగవు గాని, ఆగితే అంతకన్నా మంచి కానుక లేదు.

షిర్డీ ఈసారి వద్దు. దారిలోనే అనిపిస్తుంది గాని అది వేరే దారి. మీకు నరసాపురం నుంచి నాగర్‌సోల్‌కు నేరుగా రైలుంది, దిగితే షిర్డీ దగ్గరే. మరో ఏడాది అత్తయ్యగారిని దాని మీద తీసుకెళ్ళండి. రెండూ కలిపితే రెండూ సగం సగమే అవుతాయి, డబ్బు మాత్రం రెట్టింపవుతుంది.

ఎండాకాలం సెలవుల మాటకొస్తే, ముంబయి మే నెల ఉక్కపోత మన ఉక్కపోతకేం తీసిపోదు. దాన్ని చూడటానికి రైలెక్కడం దేనికి? జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. సంక్రాంతి సెలవుల్లో పండగ వదిలి మీరు కదలరు, పండగ అయ్యాక హైదరాబాద్ వైపు వెళ్ళే ప్రతి బండీ కిటకిటలాడుతుంది. ముంబయి బండి కూడా సికింద్రాబాద్ మీదుగానే వెళుతుంది మరి. నన్నడిగితే ఫిబ్రవరిలో రెండో శనివారం ఉన్న వారం మంచిది. పిల్లలకు నాలుగు రోజులు బడి పోతుంది. పాప పదో తరగతి అయితే ఈ మాట అనేదాన్ని కాదు. శివరాత్రి ఆ వారంలో పడితే మాత్రం తేదీ మార్చుకోండి, అత్తయ్యగారు ఒప్పుకోరు.

వారంలో ఏ రోజులన్నది కూడా ముఖ్యమే. ఎలిఫెంటా గుహలకు సోమవారం సెలవు. జంతు ప్రదర్శనశాలకు బుధవారం సెలవు. సిద్ధివినాయకుడి గుడి మంగళవారం జనంతో నిండిపోతుంది. గురువారం తెల్లవారుజామున దిగి ఆదివారం మధ్యాహ్నం బయల్దేరితే ఈ మూడు చిక్కులూ తప్పిపోతాయి, లాడ్జిలో మూడు రాత్రులతో సరిపోతుంది.

ఇప్పుడు రైలు. రాజమండ్రి నుంచి ముంబయికి నేరుగా వెళ్ళేవాటిలో కోణార్క్ మీకు అనుకూలం, ఎందుకంటే అది సీఎస్‌ఎంటీ దాకా వెళుతుంది. విశాఖ నుంచి వచ్చే ఎల్‌టీటీ (లోకమాన్య తిలక్ టెర్మినస్) బండి కుర్లా పక్కన వదిలేస్తుంది, అక్కడి నుంచి సామానుతో మళ్ళీ ఇంకో ప్రయాణం. కోణార్క్ రాజమండ్రికి అర్ధరాత్రి దాటాక వస్తుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మంగళవారం రాత్రి స్టేషన్‌కు వెళ్ళి ఎక్కే బండికి టికెట్టు మీద ఉండాల్సింది బుధవారం తేదీ. మంగళవారం తేదీకి తీసుకుంటే మీరు స్టేషన్‌కు చేరేసరికి మీ బండి వెళ్ళిపోయి దాదాపు ఒక రోజు అయి ఉంటుంది. టికెట్టు చేయించే కుర్రాడికి ఈ మాట రెండుసార్లు చెప్పండి. వేళలు మారుతుంటాయి కాబట్టి అవీ అప్పుడే చూడమనండి.

రిజర్వేషన్ 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకు తెరుస్తారు. స్లీపర్ మనిషికి 600, 650 మధ్య ఉంటుంది, థర్డ్ ఏసీ 1,600 పైమాటే. ఫిబ్రవరిలో రానూ పోనూ స్లీపర్ చాలు. బాబుకు పదేళ్ళు గనక బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, బెర్తు వద్దనుకుంటే సగం. ఒక రాత్రీ ఒక పగలూ దాటే ప్రయాణం, కక్కుర్తి పడకుండా బెర్తు తీసుకోండి. పెద్దవాళ్ళ రాయితీ 2020లో తీసేశారు, మళ్ళీ ఇవ్వలేదు. కాకపోతే దరఖాస్తులో అత్తయ్యగారి వయసు సరిగ్గా రాసి, కింది బెర్తు కోరండి. మీ ఊరి నుంచి రాజమండ్రి దాకా మీ ముగ్గురు ఆడవాళ్ళకూ స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ బస్సు ఉచితమే, ఆధార్ చూపిస్తే చాలు. (కోటిపల్లి–నరసాపురం లైను పూర్తయితే ఈ బస్సు గొడవ ఉండకపోను. మన మనవలు ఎక్కుతారేమో చూద్దాం.)

బండి తెల్లవారకముందే సీఎస్‌ఎంటీ చేరుతుంది. లాడ్జిలో గది ఇచ్చేది సాధారణంగా మధ్యాహ్నం 12కి. ఆ వేళ గది కావాలంటే ఇంకో రోజు అద్దె అడుగుతారు. ఇవ్వకండి. వెయిటింగ్ హాల్లో కూర్చుని తెల్లవారనివ్వండి, మొహాలు కడుక్కోండి, టీ తాగండి, సామాను క్లోక్ రూములో పెట్టేయండి. సంచులకు తాళం వేసి ఉంటేనే తీసుకుంటారు, చిన్న తాళాలు ఇంటి నుంచే తెచ్చుకోండి. వెలుతురు రాగానే బస్సెక్కి మెరైన్ డ్రైవ్‌కు వెళ్ళండి. ఆ వేళ ఎండ ఉండదు, కూర్చోవడానికి ఒడ్డు పొడుగునా గట్టు ఉంది, పైసా ఖర్చు లేదు. స్టేషన్ బయట "రూము కావాలా సార్" అంటూ వెంటపడేవాళ్ళకు మాత్రం తల కూడా తిప్పకండి.

గది సీఎస్‌ఎంటీ, ఫోర్ట్ చుట్టుపక్కలే తీసుకోండి. వాశీ, ఠాణే వైపు కాస్త చవక. అయినా ఇక్కడే ఎందుకంటున్నానంటే మీరు చూడాల్సినవి చాలావరకు చుట్టుపక్కలే ఉన్నాయి, మధ్యాహ్నం అత్తయ్యగారు గదికొచ్చి రెండు గంటలు నడుం వాల్చవచ్చు. పైగా సీఎస్‌ఎంటీలో లోకల్ రైళ్ళు మొదలవుతాయి కాబట్టి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. ఐదుగురికి సరిపడే గది రాత్రికి 4,000 నుంచి 5,000 అనుకోండి. "ఒకే గదిలో సర్దుకుంటాం" అనే మన అలవాటు అక్కడ సాగదు, తలలు లెక్కపెట్టి అదనపు పరుపుకు డబ్బు కట్టిస్తారు. అందుకని ఫోన్‌లోనే అడగండి: ఐదుగురికి పన్నుతో కలిపి ఎంత, బాత్రూము గదిలోనే ఉందా, ఎన్నో అంతస్తు, లిఫ్టు పనిచేస్తోందా, వేడినీళ్ళు ఏ వేళల్లో. అక్కడి పాత లాడ్జీల్లో నాలుగో అంతస్తుకు చెక్క మెట్లెక్కి వెళ్ళి, చివర్లో అందరికీ కలిపి ఒక బాత్రూము చూపించేవి ఉన్నాయి. మీ అత్తయ్యగారికి అది కుదరదు. నెట్‌లో కనబడిన నంబరుకు అద్దె మొత్తం ముందే పంపకండి, హోటళ్ళ పేరుతో దొంగ నంబర్లు పెట్టి డబ్బు లాగేవాళ్ళు ఎక్కువయ్యారు.

ఏం చూడాలి? మీరు లేఖతో పంపిన జాబితాలో 19 చోట్లున్నాయి. సగం కొట్టేయండి. ఇంట్లో కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కటి చెప్పండి, ఆ ఐదు మాత్రం తప్పకుండా చూడండి, మిగతావి వీలైతేనే.

అత్తయ్యగారిది సిద్ధివినాయకుడే అయి ఉంటుంది. దానికి ఇప్పుడు హాయైన దారి వచ్చింది. 2025 అక్టోబరులో పూర్తిగా తెరిచిన మెట్రో మూడో లైను సీఎస్‌ఎంటీ నుంచి నేరుగా సిద్ధివినాయక్ స్టేషన్‌కు తీసుకెళుతుంది. ఏసీ, లిఫ్టులు, తోపులాట తక్కువ. ఆ లైన్లో ఛార్జీలు 10 నుంచి 70 రూపాయల వరకు. పాప చిరుగుల జీన్సు వేసుకుంటానంటే ఆ ఒక్క పూటా మాన్పించండి, గుడిలోకి రానివ్వరు.

ఎలిఫెంటా విషయంలో మాత్రం ఆలోచించండి. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర లాంచీ ఎక్కితే గంట ప్రయాణం. గుహల టికెట్టు పెద్దవాళ్ళకు 40 రూపాయలు, 15 ఏళ్ళలోపు పిల్లలకు లేదు. లోపలి మూడు తలల శివుడి ఎదుట నిలబడితే ఎవరికైనా నోట మాట రాదు. కాని రేవు నుంచి గుహల దాకా ఎక్కాల్సిన మెట్లు 120 దాకా ఉంటాయి, దారి పొడుగునా కోతులు చేతిలో పొట్లం లాక్కుంటాయి. డోలీలో మోసుకెళ్ళేవాళ్ళున్నారు గాని ఆ డబ్బుతో మీ ఐదుగురికీ ఒక పూట భోజనం అయిపోతుంది. మీవారు పిల్లల్ని తీసుకుని శుక్రవారం పొద్దున్నే మొదటి లాంచీకి వెళ్ళి రావచ్చు. మీరూ అత్తయ్యగారూ ఆ పూట గదిలో విశ్రాంతి తీసుకుని, సాయంత్రం గేట్‌వే దగ్గర కలుసుకోండి. అందరూ కలిసి అరగంట సేపు హార్బర్ చుట్టూ తిప్పే లాంచీ ఎక్కండి. పంటు మీద గోదావరి దాటి పెరిగినవాళ్ళకు లాంచీ ఏం కొత్త అంటారేమో. మన పంటు పక్కన యుద్ధనౌకలు ఆగవు కదా.

బాబుకు బైకుల్లాలోని జంతు ప్రదర్శనశాలలో (రాణీబాగ్ అంటారు) పెంగ్విన్లు చూపించండి. దంపతులకూ ఇద్దరు పిల్లలకూ కలిపి ఇచ్చే కుటుంబ టికెట్టు అడిగి తీసుకోండి, విడివిడిగా కొనకండి. పాపకు బాంద్రాలో సినిమావాళ్ళ ఇళ్ళు చూడాలని ఉంటే సరే. చూసేది గేటేనని ముందే చెప్పి ఉంచండి. సాయంత్రాలు గిర్‌గావ్ చౌపాటీ ఇసుకలో గడపండి. దీపాలు పెట్టాక సీఎస్‌ఎంటీ భవనాన్ని రోడ్డుకు అవతలి వైపు నుంచి ఒకసారి చూడండి, మీరు దిగిన స్టేషన్ అదేనని నమ్మబుద్ధి కాదు.

ఊళ్ళో తిరగడానికి సిటీ బస్సులే (అక్కడ వాటిని 'బెస్ట్' బస్సులంటారు) మీకు దిక్కు. మామూలు బస్సు 10 రూపాయల నుంచి, ఏసీ 12 నుంచి. మీరుండే వైపు ఆటోలు తిరగవు, బాంద్రా, సయాన్‌ల దగ్గరే ఆగిపోతాయి. టాక్సీ మీటరు 31 రూపాయలతో మొదలవుతుంది. దగ్గర దూరాలకు పిల్లలూ మీవారూ బస్సులో, మీరూ అత్తయ్యగారూ టాక్సీలో వెళ్ళినా నష్టం లేదు.

లోకల్ రైలుకు మాత్రం కాస్త తయారై వెళ్ళాలి. ప్లాట్‌ఫారం మీద వేలాడే బోర్డు చూడండి. ఎక్కడికి వెళ్ళే బండి, ఎన్ని నిమిషాల్లో వస్తుంది, పక్కన ఎఫ్ అని ఉంటే ఫాస్ట్, ఎస్ అని ఉంటే స్లో. కల్యాణ్ బండికి కె అక్షరం ఉంటుంది. ఫాస్ట్ బండి చిన్న స్టేషన్లలో ఆగదు, అలాంటి చోటికి వెళ్ళేటప్పుడు స్లో ఎక్కాలి. బైకుల్లాలో మాత్రం ఫాస్ట్ కూడా ఆగుతుంది. పొద్దున్న 8 నుంచి 11 దాకా, సాయంత్రం 5 నుంచి 9 దాకా లోకల్ జోలికే పోవద్దు. మీరూ పాపా అత్తయ్యగారూ ఆడవాళ్ళ పెట్టెలో, మీవారూ బాబూ పక్క పెట్టెలో ఎక్కితే ఒక ఒప్పందం చేసుకోండి. ఎవరైనా దిగలేకపోతే, దిగినవాళ్ళు ఆ ప్లాట్‌ఫారం మీదే కదలకుండా ఉండాలి, మిగిలినవాళ్ళు తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి రావాలి. రెండు జట్లూ ఒకరి కోసం ఒకరు పరిగెడితే ఆ టెన్షన్‌తో రోజంతా పాడవుతుంది. బాబు జేబులో మీ ఇద్దరి ఫోన్ నంబర్లూ రాసిన కాగితం ఉంచండి.

తిండి గురించి మీకు నేను చెప్పేదేముంది. రైల్లో మొదటి రోజుకు చింతపండు పులిహోర, చపాతీలు, జంతికలు. పెరుగన్నం వద్దు, సాయంత్రానికి పులుస్తుంది. కందిపొడి, ఆవకాయ చిన్న సీసాల్లో, నూనె కారకుండా మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి. ముంబయిలో పొద్దున్న ఇడ్లీ, పోహా, మధ్యాహ్నం ఏదైనా ఉడిపి హోటల్లో రైస్ ప్లేటు, సాయంత్రం పిల్లలకు వడాపావ్. రాత్రికి వట్టి అన్నం రెండు ప్లేట్లు, పెరుగు ప్యాకెట్లు గదికి తెచ్చుకుంటే మీ కందిపొడితో ఐదుగురికీ పూట గడిచిపోతుంది. కుక్కరు మాత్రం మోసుకెళ్ళకండి, చాలా లాడ్జీల్లో గదిలో వంట ఒప్పుకోరు. ఒక్క పూటన్నా మాటుంగా స్టేషన్ దగ్గరి రామా నాయక్ ఉడిపిలో అరటాకు భోజనం చేయండి. సాంబారు మన సాంబారు కాదు, అత్తయ్యగారు వంక పెడతారు. అయినా కడుపునిండా అన్నం దొరుకుతుంది.

లెక్క వేద్దాం. రైలు రానూ పోనూ 6,500. గది మూడు రాత్రులకు 13,500. తిండి 8,000. అక్కడి బస్సులు, లోకళ్ళు, మెట్రో, అప్పుడప్పుడు టాక్సీ, ఇక్కడి బస్సులతో కలిపి 3,500. లాంచీలు, టికెట్లు 2,500. మొత్తం 34,000. మిగిలిన 6,000లో 4,000 మీ దగ్గర విడిగా దాచండి, జ్వరానికో బండి తప్పిపోయినందుకో తప్ప ముట్టుకోకండి. షాపింగుకు 2,000. కొలాబా వీధిలో పాపకు నచ్చినవి ఒకటి రెండు కొనివ్వండి, చెప్పిన ధరలో సగం నుంచి బేరం మొదలుపెట్టండి. ఇరుగుపొరుగుకు, ఆడపడుచులకు, కొట్టులో వాళ్ళకు తలా ఒకటి తెచ్చే పని పెట్టుకున్నారో, ఈ లెక్క తల్లకిందులే. చీరలు అసలే వద్దు, రాజమండ్రి తాడితోటలో దొరకని చీర అక్కడేం లేదు. తిరుగు ప్రయాణంలో లోనావాలా దగ్గర చిక్కీ ప్యాకెట్లు అమ్ముతారు, నాలుగు కొంటే అందరికీ పంచవచ్చు.

ఆదివారం ఒక్క జాగ్రత్త. పట్టాల మరమ్మతుల కోసం ఆదివారాలు మెగా బ్లాక్ అని పెట్టి పగటి పూట చాలా లోకళ్ళు ఆపేస్తారు, లేదా దారి మళ్ళిస్తారు. శనివారం రాత్రే గది లెక్క తేల్చేసి, ఆదివారం ఉదయం 8 లోపు కల్యాణ్ లోకల్ ఎక్కేయండి. కోణార్క్ కల్యాణ్‌కు మధ్యాహ్నమే వచ్చేస్తుంది, కాబట్టి మీ తోడికోడలికి వంట పదకొండింటికల్లా అవ్వాలని ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. సోమవారం సాయంత్రానికి రాజమండ్రిలో ఉంటారు. అసలు ఆధార్ కార్డులు ఐదుగురివీ, అత్తయ్యగారి మాత్రలు, మీ దగ్గర దాచిన 4,000 పెద్ద సూట్‌కేసులో కాకుండా మీ చేతి సంచిలోనే ఉంచుకోండి.